పదిహేడో చుక్క

ప్రొఫెసరు తన భార్యకు ఏ పని చెప్పినా దానికి ముందు "కాస్త" అనే మాటొకటి తగిలించేవాడు. కాస్త టీ పెట్టు. కాస్త ఆ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి. కాస్త అమ్మ మాత్రలు వేసుకుందో లేదో చూడు. కాస్త ఈ ఫోటోల్లో చుక్కలు కొలిచిపెట్టు. గొంతు పెంచి ఎరగని మనిషి. వినేవాళ్ళు, మీ ఆయన ఎంత మెత్తగా మాట్లాడతాడమ్మా అని ముచ్చటపడేవాళ్ళు. మొదట్లో ఆమె కూడా ముచ్చటపడిందే. కాస్తే కదా అనుకునే మొదలుపెట్టింది. ఆ చివరి కాస్త ఇప్పటికి పదకొండేళ్ళు సాగింది, యాభై వేల కొలతలు దాటింది, ఇంకా అయిపోలేదు.

చుక్కలంటే ఆకాశంలో చుక్కలే. ఊరి చివర కొండ మీదున్న అబ్జర్వేటరీలో ప్రొఫెసరు ఉద్యోగం. ఆయన చదువూ పేరూ అన్నీ ఒకే ఒక గోళాకార నక్షత్రగుచ్ఛం చుట్టూ తిరిగాయి. కొన్ని లక్షల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టి, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కిక్కిరిసి ఉంటాయి అందులో. వాటి వయసు పన్నెండు వందల కోట్ల ఏళ్ళు. వాటి ముందు మన సూర్యుడు నిన్నగాక మొన్న పుట్టినవాడు. కొత్తగా పుట్టేవి లేవు, గుంపు వదిలి పోయేవీ ఏ కొన్నో తప్ప లేవు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు అత్తగారు బఠాణీలు వొలుస్తున్న చెయ్యి ఆపి, "అన్ని కోట్ల ఏళ్ళు అంతమంది ఒకేచోట సర్దుకుపోతున్నారంటే, వాటిల్లో కోడళ్ళు లేరన్నమాట" అంది. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే తొక్కలు ఎత్తి చెత్తబుట్టలో వేసి, బల్ల తుడిచింది.

ఆ గుంపులో ఏరిన అరవై నక్షత్రాల వెలుగును ప్రతి ఫోటోలోనూ కొలవాలి. దానికో కంప్యూటరు ప్రోగ్రాము ఉంది గాని, అంత ఇరుకులో అది పక్కపక్కనున్న రెండు చుక్కల్ని ఒకటే అనుకుంటుంది. మనిషి కన్ను కావాలి. అందుకని ఆమె భోజనాల బల్ల కొసన లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్కో చుక్క చుట్టూ చిన్న సున్నా చుట్టి, దాని వెలుగును ఆధార నక్షత్రంతో పోల్చి, వచ్చిన అంకెను పట్టికలో ఎక్కించేది. ఆధార నక్షత్రమంటే వెలుగు మారనిది, తక్కినవాటికి కొలబద్ద. మొదటి ఏడాది ప్రొఫెసరు అలాంటివి మూడు ఎంచి, అంచున ఉన్నాయని రెండింటిని వదిలేసి, పదిహేడో నంబరు చుక్కను ఖాయం చేశాడు. దీనంత నిలకడైనది మరొకటి లేదన్నాడు. కొలబద్దను మళ్ళీ కొలవాలని ఎవరికి తోస్తుంది? పట్టికలో ప్రతి వరస చివరా "కొలిచినవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో ప్రొఫెసరు పొడి అక్షరాలు వేసేది ఆమె. నువ్విప్పుడు సెలవులో ఉన్నావు కదా, ప్రస్తుతానికి నా పేరు వేసెయ్ అన్నాడాయన మొదటిరోజు. ఆ ప్రస్తుతం నాటికి కూతురికి నాలుగు నెలలు. ఇప్పుడా కూతురు ఆరో తరగతి, పేరు పెట్టి పిలిస్తే పలకదు, చిట్టెలుకా అంటేనే పలుకుతుంది.

సెలవంటే నిజం సెలవే. ఆమె కూడా అదే కొండ మీద పరిశోధన చేసిన మనిషి. ఆయన కంటే రెండేళ్ళు వెనక చేరింది, అంతే. పాప పుట్టినప్పుడు ఒక్క ఏడాదికని కాగితం రాసిచ్చి దిగివచ్చింది. ఏడాది గడిచేసరికి అత్తగారికి మోకాళ్ళ ఆపరేషను, ఆ తర్వాత పాపకి వరసగా జ్వరాలు, ఆ తర్వాత ఆయన పుస్తకం. ఇంట్లో ఉండే కొలుస్తున్నావుగా, నీకు టచ్ పోదు అనేవాడు. టచ్ పోలేదు, నిజమే. కూర కలిపే గరిట ఒక చేత్తో, మౌసు ఒక చేత్తో, అయిదో తరగతి లెక్కలు ఒక చెవితో, అత్తగారి పిలుపు ఇంకో చెవితో నడిపిన మనిషికి ఏ టచ్ పోతుంది? తోటి ప్రొఫెసర్లు భోజనానికి వచ్చినప్పుడు ఆయన గర్వంగా, మా ఆవిడ కళ్ళు భలే చురుకు, యాభై వేల కొలతల్లో ఒక్క తప్పు దొర్లలేదు అనేవాడు. అయితే మీ తప్పులూ ఇట్టే దొరికిపోతాయన్నమాట అని వాళ్ళు హాస్యమాడేవాళ్ళు. పుస్తకం అచ్చయి వచ్చాక ముందు పేజీలో చూసుకుంది. "నా సహధర్మచారిణి ఓర్పుకు" అని ఉంది. ఓర్పట. ఆమెకు ఓర్పు ఏనాడూ లేదు, ఉన్నవి కళ్ళు. ఆ పేజీ చూసిన రోజు ఒళ్ళు మండింది. మండితే మండింది, సాయంత్రం చపాతీలు చెయ్యక తప్పలేదు.

సంగతి బయటపడింది ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి. మరో పది రోజుల్లో పెద్ద సదస్సు ఉంది. ఆ ముసలి నక్షత్రాలన్నీ కలిసికట్టుగా, ఏడాదికి కాస్త చొప్పున వెలుగు పుంజుకుంటున్నాయని ప్రొఫెసరు అక్కడ ప్రకటించబోతున్నాడు. ఇంతకుముందు ఎవరూ అనని మాట. అది నెగ్గితే అబ్జర్వేటరీ డైరెక్టరు కుర్చీ ఆయనదేనని అందరూ అనుకుంటున్నారు. వెళ్తూ వెళ్తూ, "కాస్త ఆ చెడిపోయిన ఫోటోలన్నీ ఫోల్డర్లోంచి తీసెయ్, ఎవరైనా అడిగితే బాగుండదు" అని చెప్పిపోయాడు. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి కూర్చుంది. ఊగిపోయినవి, మరకలు పడ్డవి, ఒక్కొక్కటే చూసి తీసేస్తూ అయిదేళ్ళ కిందటి ఫోటో ఒకదాని దగ్గర చెయ్యి ఆపింది. ప్రొఫెసరు పెట్టిన నియమం ప్రకారం గుచ్ఛం ఆకాశంలో బాగా నడినెత్తికి వచ్చిన వేళకే రోజుకొక్క ఫోటో తీయాలి. అప్పుడైతే గాలి అడ్డం తక్కువ, బొమ్మ తేటగా పడుతుంది. ఆ ఒక్కరోజు మాత్రం మబ్బు కమ్ముకొస్తోందని ఆపరేటరు మూడు గంటల ముందే తీసేసింది. అది కొలిస్తే అరవై నక్షత్రాలూ ఒక్కసారే వెలుగు తగ్గినట్టు వచ్చాయి. మబ్బు పడిందిలే అని ప్రొఫెసరు దాన్ని కొట్టేశాడు.

మబ్బయితే పదిహేడో చుక్కనూ కప్పాలి కదా అనుకుంది ఆమె. అన్నిటినీ సమంగా కప్పితే పోలిక మారకూడదు. ఇంట్లో అందరికీ ఒకేరోజు ఒకే జ్వరం చూపిస్తే అనుమానించాల్సింది థర్మామీటరుని. పదకొండేళ్ళ కిందట వదిలేసిన ఆ రెండు ఆధార చుక్కల్నీ వెతికి, వాటితో పదిహేడుని పోల్చి చూసింది. ఆ ఫోటోలో పదిహేడు ధగధగలాడుతోంది. అప్పుడు ఏడాదికొకటి చొప్పున మామూలు ఫోటోలు పదకొండు తెరిచి, ప్రతిదాంట్లోనూ అదే పోలిక చేసింది. ఏటికేడు పదిహేడు మసకబారుతూ వచ్చింది. తక్కిన అరవైలో ఒక్కటీ వెలుగు పెంచుకోలేదు.

కాగితం తీసుకుని లెక్క వేసింది. పదిహేడు నిలకడైనది కానే కాదు. సుమారు పన్నెండు గంటలకోసారి పెరిగి తగ్గే రకం. గుచ్ఛం ఒకసారి నడినెత్తికి వచ్చి మళ్ళీ వచ్చేలోపు అది రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గి, ఫోటో తీసే వేళకి మళ్ళీ మొదటి వెలుగులోనే వచ్చి నిలబడేది. మధ్యలో అది పడే పాట్లు చూసినవాళ్ళు లేరు. ఆ లెక్కలో వెంట్రుకవాసి తేడా ఉండబట్టి ఏడాదికేడాది ఆ వేళకి కొంచెం కొంచెం తగ్గుతోంది. కొలబద్ద కుంగుతుంటే పక్కన నిలబడ్డవాళ్ళందరూ పొడుగవుతున్నట్టే కదా. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, భయమనుకుని ఒక క్షణం కంగారుపడింది. భయం కాదు, సంతోషం. ఎన్నేళ్ళకో వచ్చింది, గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తగారు ముందుగదిలోంచి, "అమ్మాయ్, పాలు పోయినట్టున్నాయి, ఎక్కడుంది నీ ధ్యాస?" అంది. ఆమె జన్మలో మొదటిసారి పోతే పోయాయిలెండి అత్తయ్యా అంది.

సాయంత్రం టీ కప్పుతో పాటు కాగితం కూడా ఆయన ముందు పెట్టింది. ప్రొఫెసరు తెలివితక్కువవాడు కాదు. ఆయనతో చిక్కల్లా అదే. రెండు నిమిషాల్లో మొత్తం అర్థమైందని మొహం చూస్తే తెలిసిపోయింది. కప్పు కింద పెట్టాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క ఫోటోతో ఏదీ తేలదన్నాడు. ఆ వదిలేసిన రెండు చుక్కలూ అంచున ఉన్నాయి, వాటిని నమ్మలేమన్నాడు. సదస్సు గడవనీ అన్నాడు. తరవాత తీరిగ్గా చూసి, నిజమే అయితే తానే ఒక సవరణ రాస్తానన్నాడు. తానే అన్న మాట దగ్గర ఆమెకు చురుక్కుమంది.

"అయినా పదిహేడు మారదు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను నేను," అన్నాడు.

"మీరెప్పుడు చూశారండీ? చూసింది నేను కదా."

ఎత్తిపొడుపుగా అన్న మాట కాదు. అనుకోకుండా నోట్లోంచి వచ్చింది, వచ్చాక ఆమే విస్తుపోయింది. అందులో ఆవగింజంత అబద్ధం లేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అత్తగారు అంతా వింటూనే ఉంది. ఆయన లేచి వెళ్ళాక, మొగుడి తప్పు పట్టడానికా ఇంత చదువూ చదువుకున్నావు అని, గట్టిగా కాదు, టీవీకి చెప్పినట్టు చెప్పింది.

మర్నాడంతా ఆమె పనులు చేస్తూనే ఆలోచించింది. ఆమెకు పనులు ఆపి ఆలోచించే అలవాటు ఎలాగూ లేదు. ఊరుకుంటే ఏమవుతుంది? ఆయన సదస్సులో లేని సంగతి ఉన్నట్టు చెప్తాడు, ఆమె కొలతల్ని చూపించే చెప్తాడు, ఎప్పుడో ఒకనాడు ఏ దేశంలోనో ఎవరో పట్టుకుంటారు. అప్పుడు ఆ యాభై వేలూ చెత్త కింద జమ. పోనీ ఆయన చెప్పినట్టు సవరణ ఆయనకే వదిలేస్తే? పెద్దమనసుతో తన తప్పు తానే దిద్దుకున్నాడని మెచ్చుకుంటారు, ముందు పేజీలో ఓర్పు పక్కన ఇంకో మంచి మాట వేస్తారు. చీపురు చేతిలో ఉండగానే ఆమెకు ఏడుపొచ్చింది. డైరెక్టరు కుర్చీ ఆయనకు రాకుండా పోతుందేమోనన్న బెంగ కూడా ఉంది, లేదని ఎలా అంటుంది? ఆయన చెడ్డవాడు కాదు, పాపకి జ్వరమొస్తే మందులు తెచ్చేది ఆయనే. కానీ ఇన్నేళ్ళలో తనకు తానుగా కనిపెట్టింది ఇదొక్కటే. దీన్ని కూడా టీ కప్పుతో పాటు అందించేస్తే తనకంటూ ఏం మిగులుతుందన్నది తేలలేదు.

ఒక్క ఫోటోతో ఏదీ తేలదన్న మాట మాత్రం న్యాయమైనదే. ఇంకా కావాలి. అవి వేరే వేళకి తీసినవి కావాలి. చీకటి పడగానే, ఏడూ ఏడున్నర మధ్య. ఆ వేళకి ఆమె గత పదకొండేళ్ళలో గడప దాటిన రోజు లేదు. ఏడున్నరకి కంచాలు పెట్టాలి.

గురువారం మధ్యాహ్నం అబ్జర్వేటరీ ఆపరేటరుకి ఫోన్ చేసింది. ఆవిడ పాత మనిషి, టెలిస్కోపు దగ్గర ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరకుండా ఎప్పుడూ ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు చేతిలో ఉంటుందని అందరూ ఆవిడ్ని టార్చక్క అనేవాళ్ళు. సాయంత్రం అద్దాలు చల్లబడేదాకా టెలిస్కోపు ఊరికే ఉంటుందనీ, ఆ అరగంట ఎవరైనా పరిశోధకులు అడిగితే ఇవ్వొచ్చనీ టార్చక్క చెప్పింది. ఆమె నీళ్ళు నమిలింది. తను ఇప్పుడు పరిశోధకురాలు కాదు కదా అంది. అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"మీ పేరు జాబితాలోనే ఉందమ్మా. సెలవు అని రాసుంది, అంతే. ఎవరూ కొట్టెయ్యలేదు. అడిగినవాళ్ళూ లేరు."

నాలుగింటికి అలవాటు చొప్పున కూర గిన్నె బయటికి తీసింది. త్వరగా వండేసి, మూతలు పెట్టేసి, అబ్జర్వేటరీ వాళ్ళ అయిదున్నర వ్యానులో కొండెక్కుదామని. ఉల్లిపాయ కూడా చేతిలోకి తీసుకుంది. అప్పుడు తోచింది. వండిపెట్టి వెళ్తే వెళ్ళినట్టు ఎవరికీ తెలియదు. ఏడున్నరకి మూతలు తీసుకుంటారు, తింటారు, గిన్నెలు సింకులో పడేస్తారు, ఆమె ఎక్కడుందో అడిగే అవసరమే రాదు. ఉల్లిపాయ బుట్టలో పడేసి, కడిగిన గిన్నెను అలాగే మళ్ళీ బోర్లించింది. చీర మార్చుకుంది. చిట్టెలుకకి చెప్తే, "నేను ఆమ్లెట్ వేస్తా, నాన్నకి రాదుగా" అంది ఉత్సాహంగా. నువ్వు వెయ్యకు, హోంవర్కు చేసుకో, పెద్దవాళ్ళు చూసుకుంటారు అని గట్టిగానే చెప్పింది.

అత్తగారు చెప్పులు వేసుకుంటున్న కోడల్ని పైనుంచి కిందికి చూసింది. "వాడికి చెప్పావా?" అని అడిగింది.

"మొన్న చెప్పాను అత్తయ్యా. వినలేదు."

ముసలావిడ మళ్ళీ టీవీకేసి తిరిగింది. అందులో వార్తలేవో వస్తున్నాయి. కోడలు గొళ్ళెం తీస్తుండగా, తల తిప్పకుండానే అంది. "వాడికి పన్నెండేళ్ళప్పుడే అన్నం, పప్పు వండటం నేర్పాను. బాగానే వండేవాడు. నువ్వొచ్చాక మర్చిపోయినట్టు నటిస్తున్నాడు, నేనూ ఊరుకున్నాను." ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. పదమూడేళ్ళ కాపురంలో ఈ సంగతి ఆ ఇంట్లో ఒక్కరూ నోరు జారి అయినా చెప్పలేదు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. వ్యాను హారను వినిపించి పరుగెత్తింది.

కొండ మీద గాలి చల్లగా ఉంది. గుండ్రటి కప్పు తెరుచుకునేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు పదకొండేళ్ళ తర్వాత కూడా మారలేదు, దానికి నూనె వేసిన పుణ్యాత్ముడు లేడు. టార్చక్క ఎర్రవెలుగులో మెట్లు చూపించి, కుర్చీ లాగి కూర్చోబెట్టింది. గుచ్ఛం ఇంకా తూర్పున బాగా కింద ఉంది. ఫోటో తెర మీదికి వచ్చేసరికి ఏడూ ఇరవై. అంచులు కాస్త చెదిరాయి గాని, ఆ గుంపు ఆమెకు అరచెయ్యంత తెలుసు. లెక్క చెయ్యకముందే కంటికి కనిపించింది. పదిహేడు రోజూ ఫోటోలో ఉండేదానికి దాదాపు రెండింతలు వెలుగుతోంది. అంత వెలుగు దానికి ఉందని ఆమెకే తెలియదు. చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. టార్చక్క టార్చి అటు తిప్పేసింది.

ఏడు ముప్ఫయి అయిదుకి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? పొయ్యి మీద ఏమీ లేదు. రోజూ ఈ వేళకి అయిపోతుందిగా?" అన్నాడు ప్రొఫెసరు. కోపం కాదు, నిజంగానే అయోమయం.

"కొండ మీదున్నాను. పదిహేడుని చూస్తున్నాను."

 ఫోన్ పెట్టేస్తాడనుకుంది. కానీ ఎంతైనా ఇరవయ్యేళ్ళుగా ఆకాశాన్ని చూసిన మనిషి. ఉండబట్టలేకపోయాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన నోట ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ వినలేదు. "బాగా వెలుగుతోంది. రెండింతలు," అంది. ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. రేపు తను కూడా వస్తానన్నాడు, ఇద్దరూ కలిసి చూద్దామన్నాడు, సదస్సులో ఎలా చెప్పాలో తను ఆలోచిస్తానన్నాడు. అంతా మెత్తగానే అన్నాడు.

"సదస్సు వాళ్ళకి నేను రాస్తానండీ. రాసి, పంపేముందు మీకు చూపిస్తాను. ఇంకా అయిదు సాయంత్రాలు ఇదే వేళకి తీయాలి. అయిదు రోజులూ ఈ వేళకి ఇక్కడే ఉంటాను. కాస్త వంట చూసుకోండి. అన్నం, పప్పు మీకు వచ్చటగా."

ఫోన్ పక్కన పెట్టేసి కొలతలకు కూర్చుంది. ఈసారి ఆధారానికి ఆ వదిలేసిన రెండు చుక్కల్నీ పెట్టుకుని, మొదట పదిహేడు చుట్టూ సున్నా చుట్టింది. అంకె వచ్చింది. తేదీ వేసింది, వేళ వేసింది, నక్షత్రం నంబరు వేసింది, వెలుగు వేసింది. కొలిచినవారు అన్న గడి దగ్గర వేళ్ళు అలవాటు కొద్దీ ఆయన అక్షరాల మీదికి పోయాయి. చెరిపేసి తన పేరు వేసింది. యాభై వేల కొలతల్లో ఒక్క తప్పు దొర్లలేదని పేరు తెచ్చుకున్న మనిషి, ఆ గడిలో తప్పు రాయకపోవడం అదే మొదటిసారి.